తేలియా రుమాలు

నూనె పట్టించిన నూలుతో, పడుగుకూ పేకకూ ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే చదరపు గుడ్డ తేలియా రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు దీని రంగులు. పుట్టిల్లు ఇప్పటి బాపట్ల జిల్లాలోని చీరాల. కోస్తా జాలరులు, పశువుల కాపరులు దీన్ని లుంగీగా, తలపాగాగా కట్టుకున్నారు. గల్ఫ్ తీరంలో అరబ్బులు తలకు చుట్టుకున్నారు. ఎగుమతి వ్యాపారంలో దీని పేరు ‘ఆసియా రుమాలు’.

పనంతా నూలు దగ్గరే. ఆముదపు కాయల డొప్పలు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, అందులో నూలును నానబెట్టి, పిసికి, ఎండలో ఆరేస్తారు. మళ్లీ నానబెడతారు. రెండు వారాలకు తగ్గకుండా ఇదే వరస. బూడిదలోని క్షారం వల్ల నూనె దారంలోకి ఇంకుతుంది. ఆ తర్వాత వేసే పటిక, ఎర్ర రంగు ఉతుకులకు చెదరవు. ‘టర్కీ ఎరుపు’ అద్దకందారుల పద్ధతి కూడా దాదాపు ఇదే. నూనె వాసన మాత్రం చాలాకాలం వదలదు. ఎండలో తలకు చల్లగా ఉంటుందన్న పేరు ఆ నూనె వల్లే వచ్చింది.

కృష్ణా తీరపు అద్దకాల్లో ఎరుపు పూర్వం చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. 1869లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక ఆ వేరుకు గిరాకీ పోయింది. తేలియా రుమాలుకు పేరు తెచ్చిన ఎరుపూ ఈ కృత్రిమ అలిజరిన్‌దే. అచ్చమైన దేశవాళీ రంగని మురిసిపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నమూనాలను కొనేవారి అభిరుచే నడిపింది. ముస్లిం దేశాల బేరానికి చదరాలు, మెట్లు, చుక్కల వంటి రేఖాకృతులు నేశారు. తర్వాత సింహాలు, ఏనుగులతో పాటు గడియారాలు, విమానాలు కూడా రుమాళ్ల మీదికెక్కాయి. పడుగు ముడీ పేక ముడీ సరిగ్గా ఒకేచోట కలిస్తేనే బొమ్మ తేరుతుంది కనుక విమానం నేయడం మామూలు పని కాదు. ఈ నేతలో అన్నిటికంటే సాహసమైనవి అవే.

20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ ముడుల విద్య నల్లగొండ ప్రాంతానికి చేరి, పోచంపల్లి, పుట్టపాకల్లో స్థిరపడింది. ఎగుమతులు పడిపోయాక అక్కడి నేతగాళ్లు అదే పనితనాన్ని చీరలకూ దుపట్టాలకూ మళ్లించారు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ లభించింది. తెలంగాణ నుంచి తేలియా రుమాలు 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. పుట్టింట్లో, అంటే చీరాలలో, ఈ నేత దాదాపు ఆగిపోయింది.