నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కాలేజీ సీటు, ఫీజు సాయం

ఇంటర్ పాసైన పిల్లవాడు ఏ కాలేజీలో చేరాలన్న ప్రశ్నను, ఆ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నను ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో విడదీసి చూడలేం. ఇది మెట్ట నేల. వాన మీద ఆధారపడ్డ సేద్యం, ఎండిపోయే బోర్లు, ముంబై, పుణె దాకా సాగే కూలి వలసలు ఇక్కడి కుటుంబాల లెక్కల్ని నిర్ణయిస్తాయి. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. పటం మారినా, ఈ ప్రాంతమంతటా సీటు దొరికిన ఇంట్లో మొదట అడిగే మాట మారలేదు: ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

పూర్వరంగం

నిజాం కాలంలో పై చదువంటే హైదరాబాద్ వెళ్లడమే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. తెలుగు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి భాష ఒక అడ్డంకి అయితే, నగరంలో తల దాచుకునే చోటు, రెండు పూటల తిండి అంతకన్నా పెద్ద అడ్డంకి. అదే సంవత్సరం హైదరాబాద్‌లో వెలసిన రెడ్డి హాస్టల్ ఈ రెండో కష్టాన్ని గుర్తించింది. దాని వెనక నిలిచిన కొత్వాల్ (నగర పోలీసు అధిపతి) రాజా బహదూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సంస్థానంలో పుట్టినవాడు. పాలమూరు బిడ్డడే అయిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుది కూడా ఈ జిల్లానే. ఆయన డిగ్రీ కోసం పుణెలోని ఫెర్గూసన్ కాలేజీకి, న్యాయశాస్త్రం కోసం బొంబాయికి వెళ్లారు. ఆ దారి కలిగిన ఇళ్ల పిల్లలకే తెరిచి ఉండేది.

1956లో నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కాలేజీ ఏర్పడడంతో డిగ్రీ చదువు జిల్లా కేంద్రానికి వచ్చింది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలసింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, పేద పిల్లవాడికి చదువుతో పాటు బస, భోజనం కూడా ఇవ్వాలన్న ఆలోచనకు ప్రభుత్వ రూపం ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. నల్లగొండలో ఇప్పుడు మహాత్మాగాంధీ పేరుతో ఉన్నది 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. రెండు చోట్లా అంతకుముందు ఉస్మానియా పీజీ కేంద్రాలే దిక్కు.

సీటు ఎలా వస్తుంది

బీఏ, బీకాం, బీఎస్సీ సీట్లకు 2016 నుంచి 'దోస్త్' ఆన్‌లైన్ విధానం నడుస్తోంది. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, విద్యార్థి ఇచ్చిన ఆప్షన్ల వరుసను బట్టి విడతలవారీగా సీట్లు కేటాయిస్తారు. ఒకే దరఖాస్తుతో ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల పరిధిలో దోస్త్‌లో ఉన్న కాలేజీలకు పోటీ పడవచ్చు. కాలేజీ కాలేజీకీ తిరిగి దరఖాస్తు ఫారాలు కొనే పని తప్పింది. ఇంజనీరింగ్‌కు ఎప్‌సెట్ ర్యాంకు కావాలి. ఒకప్పటి ఎంసెట్ ఇదే. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీల్లో డబ్బు పోయలేని ఇళ్లకు ఇది మంచి దారి. దీని గురించి ఊళ్లలో చెప్పేవాళ్లు తక్కువ.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ పద్ధతి నెట్ సెంటర్‌లో వేరేగా ఉంటుంది. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో జులై నెలలో ఒక నెట్ సెంటర్‌ ముందు నిలబడితే తెలుస్తుంది. అమ్మాయి చేతిలో పొడుగు నోట్‌బుక్కు. అందులో కాలేజీ కోడ్లు, బ్రాంచి కోడ్లు వరుసగా రాసి, కొన్ని కొట్టేసి, మళ్లీ రాసినవి. ఎప్‌సెట్‌కు యాభై అరవై ఆప్షన్లు పెట్టేవాళ్లు మామూలే. దోస్త్ నమోదుకైతే ఆధార్‌కు జోడించిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ పుణెలో పని దగ్గరున్న నాన్న చేతిలో ఉంటుంది. ఆయన స్లాబు పని దిగి ఫోన్ ఎత్తి ఆరు అంకెలు చదివి చెప్పేలోపు గడువు దాటిపోతుంది, మళ్లీ పంపించుకోవాలి. ఆప్షన్ల వరుస ఇక్కడే తేలిపోతుంది. సీట్లు కేటాయించేటప్పుడు పైనున్న ఆప్షన్‌నే ముందు చూస్తారు కాబట్టి, తెలియక మొదటి నంబరులో పెట్టిన కాలేజీయే నాలుగేళ్ల కాలేజీ అవుతుంది. అంత పెద్ద నిర్ణయం ఊపిరాడని గదిలో, గంటకింత చొప్పున కిరాయి కడుతూ తీసుకోవలసి రావడం ఈ పిల్లలకు జరుగుతున్న అన్యాయం.

స్థానికత విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. ప్రవేశాల కోసం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ పాత పది జిల్లాలూ కలిపి ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధి అనే ఒకే స్థానిక ప్రాంతం. 85 శాతం సీట్లు స్థానికులకే. అయితే ఆ స్థానికుల్లో హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ విద్యార్థీ ఉంటాడు, కొల్లాపూర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థీ ఉంటాడు. వెనకబడ్డ జిల్లా అన్న కారణంతో ఇక్కడి పిల్లలకు ప్రత్యేకమైన వాటా ఏదీ లేదు. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పోగుచేసి స్థానికత నిరూపించుకున్నాక కూడా పోటీ నగరంతోనే.

ఫీజు రీయింబర్స్‌మెంట్

ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. కానీ ట్యూషన్ ఫీజును ప్రభుత్వమే కాలేజీకి చెల్లించే పథకం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2008 ప్రాంతంలో పెద్ద ఎత్తున అమలైంది. తెలంగాణ ఏర్పడ్డాక కూడా కొనసాగుతోంది. ఫీజు తిరిగి చెల్లింపు, నిర్వహణ ఖర్చు అని ఇందులో రెండు భాగాలు. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో చేయాలి. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఇన్‌కం సర్టిఫికెట్‌ను మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. తరగతులకు 75 శాతం హాజరు ఉండాలి.

ఇంజనీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీల్లో పది వేల లోపు ర్యాంకు ఉన్నవాళ్లకు పూర్తిగా వస్తుంది, మిగిలినవాళ్లకు సాధారణంగా 35,000 రూపాయల దాకానే. ఈ తేడాయే కాలేజీ ఎంపికను తలకిందులు చేస్తుంది. ప్రైవేటులో ఇంటర్ చదివి 30,000 ర్యాంకు తెచ్చుకున్న బీసీ విద్యార్థి ముందు రెండు కాలేజీలు ఉన్నాయనుకుందాం. ఒకదాని ఫీజు 45,000, ఇంకొకదానిది 90,000. మొదటి దానికి ఇంటి నుంచి ఏడాదికి పదివేలు చాలు. రెండోదానికి 55,000 కావాలి, నాలుగేళ్లకు 2,20,000. దానికి హాస్టల్, పుస్తకాలు, ఛార్జీలు కలిపితే రెండెకరాల మెట్ట భూమి ఉన్న ఇల్లు అప్పు చేయక తప్పదు. పేరున్న కాలేజీ వదిలేసి మామూలు కాలేజీ ఎంచుకున్న పిల్లలను తెలివితక్కువవాళ్లని అనేవాళ్లు ఈ లెక్క వేసి చూడలేదు.

మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లకు రీయింబర్స్‌మెంట్ రాదు. చివరి విడత కౌన్సెలింగ్ అయ్యాక 'సీటు ఉంది, వచ్చి చేరండి' అని ఫోన్లు చేసేవాళ్లు ఈ మాట చెప్పరు. చేరిన తర్వాతే తెలుస్తుంది, అప్పటికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి.

బకాయిలు, సర్టిఫికెట్లు

పథకం ఎంత మంచిదైనా, డబ్బు సమయానికి రాకపోతే భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. ప్రభుత్వ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడంతో 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు కొన్ని రోజులు మూతపడ్డాయి. జీతాలు ఇవ్వలేకపోతున్నామన్న యాజమాన్యాల మాటలోనూ నిజం ఉంది. అయితే కోర్సు పూర్తయిన విద్యార్థి టీసీ, మెమో అడిగితే 'ముందు ఫీజు కట్టు, ప్రభుత్వం ఇచ్చినప్పుడు నీకు తిరిగి ఇస్తాం' అనడం వేరే సంగతి. ఉద్యోగం వచ్చి, చేరే తేదీ దగ్గరపడ్డ కుర్రవాడు వడ్డీకి అప్పు తెచ్చి తన సర్టిఫికెట్లు తానే విడిపించుకోవలసి వస్తుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు గురించి తెలిసి, గట్టిగా అడిగే ధైర్యం ఉన్న కుటుంబాలు తక్కువ.

ఫీజు కాక మిగిలిన ఖర్చు

ట్యూషన్ ఫీజు ఎవరు కట్టినా తిండి, బస, ప్రయాణం మిగులుతాయి. నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం ఒళ్లు హూనం చేసే పని. ప్రభుత్వ కాలేజీ హాస్టల్లో సీటు దొరికితే సగం గెలిచినట్టే. 2024 చివర్లో ఇంటర్, ఆపై విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే నెలవారీ మెస్ ఛార్జీలను 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ మహిళా డిగ్రీ కాలేజీలను మొదలుపెట్టింది. చదువు, బస, భోజనం ఒకే ఆవరణలో ఉండడం వల్ల ఇంటర్‌తో పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లలో ఆడపిల్లకు మరో మూడేళ్లు దొరికాయి.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఇంకో మార్పు తెచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడంతో జడ్చర్ల, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు రోజూ కాలేజీకి వెళ్లి రావడం ఖర్చు లేని పని అయింది. బస్సు వేళకు వస్తుందా, సాయంత్రం చివరి ట్రిప్పు ఉందా అన్నవి ఇప్పటికీ కాలేజీ ఎంపికలో గట్టి ప్రశ్నలే.

బ్యాంకు రుణాల వాడకం ఇక్కడ తక్కువ. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అక్కర్లేదని నిబంధన ఉన్నా పొలం పాసుపుస్తకం అడిగే బ్రాంచీలున్నాయని తల్లిదండ్రులు చెబుతారు. విదేశాల్లో పీజీ చేసే అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్రం 20 లక్షల దాకా సాయం చేస్తుంది.

దగ్గరలో కొత్త సీట్లు

కోస్గి ప్రభుత్వ పాలిటెక్నిక్ 2024లో ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 2025లో బాసర ట్రిపుల్ ఐటీకి మహబూబ్‌నగర్‌లో 180 సీట్లతో కొత్త ప్రాంగణం వచ్చింది. అందులో ప్రవేశం పదో తరగతి ఫలితాల మీదే, చదువు ఆరేళ్లు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవాళ్లకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. మక్తల్‌లోనో ఆమనగల్లులోనో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన పిల్లవాడు ఇంటర్‌కు లక్షలు పోయకుండా, ఎప్‌సెట్ కోచింగ్ గడప తొక్కకుండా, తన స్కూలు మెమోతోనే బీటెక్‌లోకి వెళ్లే దారి ఇప్పుడు ఉమ్మడి జిల్లాలోనే ఉంది.