దారిబత్తెం లెక్క: ఒరెగన్ బాట మీద నిల్వ, వంట, ఆకలి

1840ల తొలినాళ్ళ నుంచి 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యేదాకా సుమారు మూడు నాలుగు లక్షల మంది మిస్సోరి నదీతీరం నుంచి బళ్ళు కట్టుకొని అమెరికా పశ్చిమతీరానికి వలస వెళ్ళారు. ఒరెగన్ బాట పొడవు దాదాపు 2,000 మైళ్ళు. ఎద్దులు గంటకు రెండు మైళ్ళు నడిచేవి. రోజంతా సాగితే పన్నెండు నుంచి పదిహేను మైళ్ళు. ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. దారిలో అంగళ్ళు లేవు, సత్రాలు లేవు. వందల మైళ్ళ దూరంలో ఒకటి చొప్పున ఉన్న వర్తకపు కోటలలో సరుకు దొరికినా, దాని ధర చాలామందికి అందేది కాదు. అందువల్ల ఆ వలసదారుల బతుకు చాలావరకు బయలుదేరిన నాడు బండికెత్తిన దారిబత్తెం మీద ఆధారపడింది. ఆ బత్తెం లెక్కను వారు ఎలా కట్టారు, అది ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది అన్నది పరిశీలించదగిన విషయం.

లెక్క చెప్పడానికి పుస్తకాలు ఉండేవి. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే న్యాయవాది 1845లో ఒరెగన్, కాలిఫోర్నియా వలసదారుల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించాడు. మనిషికి కనీసం 200 పౌన్ల పిండి, 150 పౌన్ల బేకన్, 20 పౌన్ల చక్కెర, 10 పౌన్ల కాఫీ, 10 పౌన్ల ఉప్పు ఉండాలన్నది అతని నియమం. రెండేళ్ళ తరువాత వచ్చిన జోయెల్ పామర్ పుస్తకం బేకన్‌ను సగానికి తగ్గించి, గట్టి రొట్టెలు, బియ్యం, ఎండు చిక్కుళ్ళు, ఎండబెట్టిన పండ్లు చేర్చింది. హేస్టింగ్స్ చెప్పిన ప్రకారం నలుగురు పెద్దవాళ్ళకు కావలసిన సరుకు 1,560 పౌన్లు. ఎద్దులు అలసిపోకుండా లాగగల బరువు రెండువేల పౌన్లు, మహా అయితే రెండున్నర వేలు. అంటే బండి నిండా ఉన్నది తిండే. మనుషులు ఆ బండిలో కూర్చొని కాక, చాలావరకు దాని పక్కన నడిచి ఖండాన్ని దాటారు.

ఈ సరుకును అయిదు నెలలకు పంచి చూస్తే రోజుకు సుమారు 600 గ్రాముల పిండి, 450 గ్రాముల బేకన్ వస్తాయి. నాలుగు వేల కేలరీలకు పైమాటే. రోజంతా నడిచి, బళ్ళు తోసి, కట్టెలు నీళ్ళు మోసే శరీరానికి అది చాలు. శక్తి వరకు హేస్టింగ్స్ లెక్కలో లోపం లేదు.

సరుకు ఉండటం ఒక ఎత్తు, చెడకుండా ఉండటం మరొక ఎత్తు. సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన రాండాల్ఫ్ మార్సీ 1859లో ప్రచురించిన మైదాన యాత్రికుల కరదీపికలో నిల్వ పద్ధతులు వివరంగా ఉన్నాయి. పిండిని గట్టి కాన్వాసు గుడ్డతో రెండు పొరలుగా కుట్టిన సంచుల్లో నింపాలి. చక్కెరను తడి తగలని రబ్బరు సంచుల్లో ఉంచాలి. ఎండలు ముదిరే చోట బేకన్‌ను పెట్టెలలో పెట్టి చుట్టూ తవుడు కూరితే కొవ్వు కరిగి కారిపోదు. వెన్న గురించి అతడు చెప్పినది తెలుగువారికి చిరపరిచితంగా తోస్తుంది: బాగా కాచి, పైకి తేలిన మడ్డిని తీసేస్తూ, నూనెలా తేటపడ్డాక రేకు డబ్బాల్లో పోసి మూత అతికించాలి. నెయ్యి అనే మాట ఎత్తకుండానే మార్సీ నెయ్యి కాచడం నేర్పాడు. నీరు, పాల మాంసకృత్తులు తొలగిపోతే వెన్నలో సూక్ష్మజీవులు పెరగడానికి ఆధారం ఉండదు. ఆ కారణం అప్పటికి ఎవరికీ తెలియకపోయినా పద్ధతి మాత్రం తెలుసు.

వంట చాలావరకు ఆడవారి పని. ప్లాట్ నదీ మైదానాలలో చెట్లు అరుదు కనుక ఎండిన అడవిదున్న పేడే వంటచెరకు. మన పిడకల లాగే అది పొగ తక్కువగా, వేడిగా మండేది. కాని త్వరగా కాలిపోయేది కనుక ఒక పూట వంటకు బుట్టలకొద్దీ ఏరుకోవలసి వచ్చేది. గాలికి మంట చెదరకుండా నేలలో చిన్న గాడి తవ్వి, దాని మీద ఇనుప పాత్ర పెట్టేవారు. బరువైన మూత ఉన్న డచ్ ఓవెన్‌కు కిందా పైనా నిప్పులు పేర్చి రొట్టె కాల్చేవారు. పొద్దున పితికిన పాలను బండికి వేలాడదీస్తే రోజంతా కుదుపులకు సాయంత్రానికి వెన్న తేలేది. నేటి వయోమింగ్‌లోని ఇండిపెండెన్స్ రాక్ దగ్గర, ఎండిన మడుగుల అంచున తెల్లగా పేరుకొన్న సోడాను ఏరుకొని రొట్టెలు పొంగడానికి వాడుకొన్నారు.

1849 నుంచి కొన్నేళ్ళ పాటు ఈ బాట మీద కలరా విరుచుకుపడింది. పొద్దున ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రానికి సమాధిలో చేరిన సందర్భాలు డైరీల్లో పదేపదే కనిపిస్తాయి. వేలమంది ఒకే చోట విడిది చేసి, అక్కడి నీరే తాగి, అక్కడే మలవిసర్జన చేయడం దీనికి మూలం. కలరా నీటి ద్వారా సోకుతుందని జాన్ స్నో లండన్‌లో ఆ 1849లోనే రాశాడు గాని, వైద్యలోకం అప్పటికి నమ్మలేదు. బురదనీటి రుచి పోవడానికి కాఫీ కాచుకొని తాగినవారికి, నీరు మరగడం వల్ల తెలియకుండానే కొంత రక్షణ దొరికి ఉండాలి.

త్రాసుకు అందని లోపం మరొకటి ఉంది. పిండిలో, బేకన్‌లో, చక్కెరలో, కాఫీలో సి విటమిన్ దాదాపు శూన్యం. మానవ శరీరంలో దాని నిల్వ సుమారు ఒకటిన్నర గ్రాములే. ఆహారంలో బొత్తిగా అందకపోతే ఒకటి నుంచి మూడు నెలల్లో స్కర్వీ లక్షణాలు మొదలవుతాయి. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది, కాళ్ళు పట్టేస్తాయి, మానిన గాయాలు మళ్ళీ విచ్చుకొంటాయి. అయిదు నెలల ప్రయాణంలో, కష్టమైన కొండదారి ఎదురయ్యే చివరి భాగానికే ఈ నిల్వ అడుగంటేది.

స్కర్వీకి నిమ్మజాతి పండ్లు మందని జేమ్స్ లిండ్ 1753లోనే ప్రచురించాడు. మార్సీకి ఆ సంగతి తెలుసు. అయితే పండ్లకు బదులు సిట్రిక్ ఆమ్లం పొడిని నీళ్ళలో చక్కెరతో కలిపి తాగవచ్చునన్నాడు. నిమ్మరసపు గుణం దాని పులుపులో ఉందని ఆ కాలపు నమ్మకం. సిట్రిక్ ఆమ్లానికి స్కర్వీని ఆపే శక్తి లేదు. అతడు మెచ్చుకొన్న మరో సరుకు పారిస్‌లో తయారైన ఎండు కూరల బిళ్ళలు. అరచేతిలో సగమంత ముక్కను ఉడికిస్తే నలుగురికి సరిపోయేది. మోయడానికి అవి ఎంతో సులువు. కాని ఎండబెట్టడంలోనూ ఉడకబెట్టడంలోనూ సి విటమిన్ చాలావరకు నశిస్తుంది. అదే పుస్తకంలో అడవి ఉల్లి, ఆకుకూరలు, అడవి ద్రాక్ష తినమని ఇచ్చిన సలహా మాత్రం నిజంగా పనికివచ్చేది.

ఆ మందు దారి పక్కనే మొలిచేది. అక్కడి ఆదివాసీ జాతులు తరతరాలుగా దాని మీదే బతికాయి. స్నేక్ నది ఒడ్డున షోషోనీలు తాజా సాల్మన్ చేపలను గాలాలకు, బట్టలకు మారకంగా ఇచ్చేవారు. ఎండు మాంసాన్ని దంచి, కరిగిన కొవ్వు పోసి, కొన్నిచోట్ల అడవిపండ్లు కూడా కలిపి తోలుసంచుల్లో నింపే పెమ్మికన్ ఉత్తర మైదానాల ప్రజలు కనిపెట్టినదే. ఏ ఋతువులో ఏ చోట ఏది దొరుకుతుందో తెలిసినవారికి నాలుగు వందల పౌన్ల సరుకు అక్కరలేదు. ఆ తెలివి లేనివారే ఇంటిని బండికెత్తుకొని రావలసి వచ్చింది.

బత్తెం లెక్కలో అసలు కొలత పౌన్లు కాదు, రోజులు. హేస్టింగ్స్ పుస్తకమే దీనికి సాక్ష్యం. అందులోనే అతడు గ్రేట్ సాల్ట్ లేక్‌కు దక్షిణంగా కాలిఫోర్నియాకు ఒక దగ్గరదారి ఉందని రాశాడు. రాసేనాటికి ఆ దారిని అతడు స్వయంగా చూడలేదు. 1846 జూలైలో డోనర్, రీడ్ కుటుంబాల బృందం అతని మాట నమ్మి అటు తిరిగింది. వాసాచ్ కొండల్లో చెట్లు నరికి బాట వేసుకోవడానికే రెండు వారాలకు పైగా గడిచాయి. హేస్టింగ్స్ నలభై మైళ్ళన్న ఉప్పు ఎడారి దాదాపు ఎనభై మైళ్ళని తేలింది. అక్కడ దప్పికతో ఎద్దులు చెదిరిపోయాయి, బళ్ళను వదిలేయవలసి వచ్చింది. సరుకు చాలదని గ్రహించి, తిండి తెమ్మని ఇద్దరిని ముందుగా కాలిఫోర్నియాకు పంపారు. వారిలో ఒకడు కంచరగాడిదల మీద సరుకుతో తిరిగి వచ్చాడు. కాని పోయిన వారాలు తిరిగి రాలేదు. అక్టోబరు చివర సియెర్రా నెవాడా కనుమను మంచు మూసేసింది. మిగిలిన పశువులు, తరువాత ఉడకబెట్టిన తోళ్ళు, చివరికి కొందరు చనిపోయినవారి శరీరాలు తిని ప్రాణం నిలుపుకొన్నారు. మొదటి సహాయ బృందం 1847 ఫిబ్రవరిలో చేరింది. 87 మందిలో దాదాపు సగం మంది బతకలేదు.

వారి బండ్లలో హేస్టింగ్స్ లెక్కకు తగిన సరుకు లేక ఈ ముప్పు రాలేదు. సరుకు కట్టమన్న చేయే రోజులను పెంచే దారి చూపింది. బతికి బయటపడిన బాలిక వర్జీనియా రీడ్, ఆ ఏడాది మేలో బంధువుకు రాసిన ఉత్తరంలో, వెనక వచ్చేవారు అడ్డదారులు పట్టవద్దనీ, ఆలస్యం చేయకుండా సాగిపోవాలనీ హెచ్చరించింది. పిండి ఎంత, బేకన్ ఎంత అన్న సలహా అందులో లేదు. పదమూడేళ్ళ వయసులో ఆమెకు తెలిసివచ్చిన లెక్క అదే.