మన అంకిస ఇంటి బండలు

సంక్రాంతికి అంకిసలో అందరం కూడినప్పుడు ఇంటి నేల మీద పెద్ద చర్చే అయింది. పెద్దబాపు కొడుకు అన్న "పాత బండలు తీసేసి టైల్స్ వేద్దాం" అన్నడు. చిన్నమ్మ "తీయొద్దు, పైన మెరిసే కోటింగ్ కొట్టిద్దాం" అన్నది. నాయినమ్మ ఏమీ అనలేదు, తను కూసున్న బండను చేత్తో నిమురుకుంట ఉన్నది. ఎండాకాలం కలిసినప్పుడు తేల్చుకుందాం అనుకుని లేచినం. తేల్చుకునే ముందు ఆ నేల కథ అందరికీ తెలియాలని ఇది రాస్తున్నా. నేను చదివింది కన్నడ మీడియంలో, తెలుగు రాయడం బాపు దగ్గర నేర్చుకున్నా. తప్పులుంటే సరిచేయండి.

మొదట మన ఇంట్లో బండలు లేవు. మట్టి నేల, దాని మీద పేడ అలుకు. అలుకు అరిగిపోయేదే, అందుకే మళ్లీ మళ్లీ అలికేవాళ్లు. అప్పట్లో నేలకు కాపుదల అంటే అదే. కలిగినోళ్ల ఇళ్లల్లో గచ్చు ఉండేది. సున్నం, ఇసుక కలిపి దంచి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి, పరిచినంక నున్నటి రాయితో రుద్దేవాళ్లు. సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది. ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. అంటే గచ్చు, ఇప్పుడున్న బండ, రెండూ ఒకే వంశం.

మన ఊరు ఏ సర్కారు కింద ఉన్నదో కూడా మారుతూ వచ్చింది. 1860లో గోదావరి ఇవతలి ఒడ్డును నిజాం ఇంగ్లీషు వాళ్లకు అప్పజెప్పిండు. సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం అయింది. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం వైపు మద్రాసుకు పోయింది, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అన్న మన బతుకు అట్ల మొదలైంది.

బండల కథ మాత్రం నది అవతల, నిజాం రాజ్యంలో మొదలవుతుంది. ఇప్పటి కలబురగి జిల్లాలోని షాబాద్, అక్కడి నుంచి తాండూరు దాకా భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. గునపంతో లేపితే పలకలుగా ఊడి వస్తుంది. బాపు ఉద్యోగం అటువైపే కాబట్టి ఆ గనులు చూస్తూనే పెరిగిన. 1871లో బొంబాయి నుంచి రాయచూరు పోయే రైలు దారి షాబాద్ మీదుగా పడ్డది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు ఇంకో దారి పడ్డది. బరువైన రాయి దూరం పోవాలంటే రైలే దిక్కు. 1929 నాటికి కాజీపేట–బల్హార్షా దారి పూర్తయినంక మంచిర్యాల దాకా రాయి రావడం సులువైంది.

తాత 1960ల చివర్లో ఈ బండలు తెప్పించిండు. లారీలో కాళేశ్వరం దాకా, అక్కడ పడవలో గోదావరి దాటించి, ఇవతల ఎడ్లబండ్ల మీద. ఇప్పటి వంతెన అప్పుడు లేదు. రెండు బండలు దారిలో పగిలినయని, వాటినే దొడ్లో స్నానాల దగ్గర వేసిండని నాయినమ్మ చెప్తది. మనం షాబాద్ బండ అంటాం, మరాఠీ వాళ్లు శహాబాదీ ఫర్శీ అంటారు, మా కన్నడ దోస్తులు కూడా ఫర్సి అనే అంటారు. మూడు భాషల్లోనూ నాకు తెలిసిన రాయి ఇది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. 2021 ఎండాకాలంలో ముందు గదికి అక్రిలిక్ కోటింగ్ కొట్టించింది నేనే. రెండు నెలలు అద్దంలా మెరిసింది. మరుసటి ఏడు జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మన ఇంట్లోకి నీళ్లు రాలేదు గాని నేల కింది చెమ్మ పైకొచ్చింది. కోటింగ్ తెల్లగా పొంగి పొరలుగా లేచింది. పాత ఇళ్లల్లో బండ కింద ఉండేది మట్టి, ఇసుక. చెమ్మను ఆపేది ఏదీ లేదు. అది పైకొచ్చి గాలికి ఆరిపోవాలి. పైన మూత పెడితే ఉప్పుతో సహా లోపలే ఉండి పొరను నెడుతుంది.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ పని ఇంట్లో ముందు చేయకపోవడమే తప్పు. పోయినసారి మూడు పరీక్షలు చేసిన. బండ మీద నీటి చుక్కలు వేస్తే వంటింట్లో నిమిషాల్లో ఇంకినయి, ముందు గదిలో పొర మిగిలిన చోట ఇంకలేదు. ప్లాస్టిక్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా ఉంచితే పొద్దున లోపల చెమట పట్టింది. మూలన నిమ్మరసం చుక్క వేస్తే మెరుపు పోయి మచ్చ పడ్డది. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు పులుసు, టాయిలెట్ కడిగే ఆసిడ్, రెండూ శత్రువులే.

రాయి లోపలికి ఇంకే సీలర్లు కూడా ఉన్నయి, సైలేన్, సైలాక్సేన్ రకాలు. అవి నీళ్ల మరకలు తగ్గిస్తయి, ఆవిరిని బయటికి పోనిస్తయి. కాని పులుపు మచ్చను అవి కూడా ఆపవు.

అందుకే నా మాట ఇది. బండలు తీయొద్దు, పైన పొర వేయొద్దు. ముందు గది పొర తీయించే ఖర్చు నాది. పొయ్యి దగ్గర మాత్రం, ఎండలకు బాగా ఆరినంక, ఇంకే సీలర్‌ను ఒక్క బండ మీద వేసి ఒక వానాకాలం చూద్దాం. మిగతా నేలకు నాయినమ్మ చేసేదే చాలు: పులుపు పడిన వెంటనే తుడవడం, ఆసిడ్ లేకుండా మంచినీళ్లతో కడగడం, తలుపులు తీసి ఆరనివ్వడం.

పొయ్యి పక్క బండ మీద నల్లటి నూనె మరక ఉంది కదా, బాపు పెళ్లినాడు అరిసెల మూకుడు ఒలికినప్పటిదని నాయినమ్మ అంటది. ఏ సీలర్ వేసినా ఆ బండను మాత్రం వదిలేద్దాం. బండలు వేసిన రోజుల ఫోటోలు ఎవరి దగ్గరన్నా ఉంటే ఎండాకాలం వచ్చేటప్పుడు తీసుకురండి.