జనం తీర్పుకు నిలిచిన వంపులు

అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా రాజోలు వెళ్తుంటే పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి అడ్డొస్తుంది. ఆ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి ఒడ్డుకు దాటించడానికి 1850ల తొలినాళ్లలో ఒక అక్విడక్టు కట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర దగ్గర పనిచేసిన హేగ్ అనే సైనిక ఇంజనీరు దాన్ని నిలబెట్టాడు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుతో 49 కమానులు, మొత్తం పొడవు 2,248 అడుగులు. కింద నది, పైన కాలువ. తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు మాత్రమే కనిపించే లంకల మధ్య అలాంటి కట్టడం పూర్తిగా కొత్తది.

కొత్తదైనా అది పరాయిదిగా మిగిలిపోలేదు. పైనున్న బరువును కమాను స్తంభాలకు ఎలా అప్పగిస్తుందో రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. నీళ్లు అవతలి చేలకు చేరాయి, అంతే చాలు. 2000లో పాతదాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె (1841–1909). ఒక కట్టడానికి కోనసీమ ఇవ్వగలిగిన గౌరవం ఇంతకన్నా ఏముంటుంది?

నిజానికి వంపు ఇక్కడికి దొరలతో వచ్చింది కాదు. కోస్తా తీరంలో పేదలు, మత్స్యకారులు చుట్టిళ్లు కట్టుకునేవారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకు ఆకారంలో తాటాకు కప్పు, నడుం వంచి దూరాల్సినంత కిందికి దిగిన చూరు. సముద్రం మీంచి వచ్చే గాలికి పట్టు దొరకడానికి ఆ గోడకు మూలే లేదు. ఊళ్లోకి వస్తే కలిగిన రైతులవి మండువా లోగిళ్లు. నలుచదరంగా నిలిచిన ఆ ఇళ్లకు నాలుగు వైపుల పెంకుల కప్పులూ లోపలికి వాలి, వానను నడిమధ్య మండువాలోకి దించేవి. చదరం కలిమికి, గుండ్రం లేమికి గుర్తులైపోయాయి. తర్వాత వాస్తు పట్టింపులు పెరిగి, మూల తెగినా గోడ ఒంపు తిరిగినా దోషమనే భయం ఇంటింటికీ చేరింది. గుండ్రటి ఇంటిని తక్కువగా చూసే చూపుకు మూలం అందానికి సంబంధించిన అభిరుచి కాదని, అంతస్తుల తేడా అని గట్టిగా చెప్పుకోవాలి.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. ఆ తర్వాత తాటాకు ఇంటి మీద నమ్మకం పోయింది, శ్లాబు ఇల్లు ప్రాణానికి భరోసా అయింది. అయితే తీరంలో ప్రభుత్వాలు కట్టిన తుపాను షెల్టర్లలో కొన్నింటిని చూడండి: ఎత్తైన స్తంభాల మీద గుండ్రటి గది. చుట్టింటి రూపమే కాంక్రీటులో తిరిగొచ్చింది. గాలి రాత్రి అందులోకి పరుగెత్తే మనిషి ఆకారం వింతగా ఉందని ఆగడు.

హైదరాబాద్‌లో 2012లో తెరుచుకున్న జాతీయ మత్స్య అభివృద్ధి సంస్థ కార్యాలయం, వింత ఆకారాన్ని జనం సొంతం చేసుకోవడానికి మరో ఉదాహరణ. భవనం అచ్చంగా చేప. కళ్లు, రెక్కలు, తోక అన్నీ ఉన్నాయి. రాత్రి నీలి దీపాల వెలుగులో ఈదుతున్నట్టే ఉంటుంది. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ 1992 ఒలింపిక్స్ సమయంలో బార్సిలోనా తీరాన పెద్ద లోహపు చేపను నిలిపాడు, కానీ అది శిల్పం. ఇక్కడ చేప కడుపులో ఉద్యోగులు కూర్చుని ఫైళ్లు చూస్తారు. ఇంత సూటిగా బొమ్మ గీసినట్టు కట్టడమేమిటని కొందరు వాస్తుశిల్పులకు అనిపించవచ్చు. జనం మాత్రం చేప బిల్డింగ్ అని పిలిచి తమ నగరంలో కలిపేసుకున్నారు.

అమరావతి శాసనసభ నమూనాకు ఆ అదృష్టం దక్కలేదు. 2016 మార్చిలో జపాన్‌కు చెందిన ఫుమిహికో మాకీ సంస్థను జ్యూరీ ఎంపిక చేసింది. పోటీలో ఉన్నవి సామాన్యమైన పేర్లు కావు: బ్రిటన్ నుంచి రిచర్డ్ రోజర్స్ సంస్థ, అహ్మదాబాద్ నుంచి బాలకృష్ణ దోషి సంస్థ. మాకీ 1993లోనే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. కానీ పైకి పోయేకొద్దీ ఒంపుగా సన్నబడే ఆ గోపురాల బొమ్మలు బయటికి రాగానే, అవి విద్యుత్ కేంద్రం పొగగొట్టాల్లా, అణు రియాక్టర్లలా ఉన్నాయన్న మాట గుప్పుమంది. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. రాజధాని ప్రాంతానికి కృష్ణ అవతల, ఇబ్రహీంపట్నంలోనే థర్మల్ కేంద్రం పొగగొట్టాలున్నాయి. ఉత్తరాంధ్రలో కొవ్వాడ అణు కేంద్రం మీద ఆందోళనలు నడిచాయి. రోజూ చూసే ఆకారం, మనసులో ఉన్న భయం రెండూ ఆ బొమ్మలో కనిపించాయి. ప్రభుత్వం మాకీని పక్కనపెట్టి లండన్‌లోని నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిచింది.

2017లో సినీ దర్శకుడు రాజమౌళి సలహా కూడా తీసుకున్నారు. సూర్యకాంతి లోపలికి ప్రసరించి తెలుగుతల్లి విగ్రహం మీద పడాలన్నది ఆయన ఆలోచన. ఆ డిసెంబర్‌లో నమూనాలను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగి, చివరికి సూదిమొనలా ఆకాశంలోకి లేచే 250 మీటర్ల రూపాన్ని ఖాయం చేశారు. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగాయి. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడా శాసనసభను బోర్లించిన లిల్లీ పువ్వుతో పోలుస్తున్నారు.

బొమ్మలు చూపించి ఏది నచ్చిందని అడగడం మంచి మొదలే, కానీ చాలదు. ఆ మొన తుపాను గాలికి ఎలా నిలుస్తుంది, మే నెల ఎండను లోపలికి రాకుండా ఎలా ఆపుతుంది అని అడిగే హక్కు అంతర్వేది మత్స్యకారుడికీ, కొత్తపేట రైతుకూ ఉంది. శాసనసభ వాళ్లది కూడా. నమూనాను అమలాపురం దాకా తెచ్చి, తెలుగులో వివరించి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే పని ఇంజనీర్లు ఇప్పటికైనా మొదలుపెట్టాలి.