గురువు రాలేని వేళ రోగి పక్కన ఎవరు?



మురమళ్ళ నుంచి రోగిని కాకినాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలంటే ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి, గౌతమీ గోదావరి దాటి, యానాం మీదుగా వెళ్ళాలి. మామూలు రోజుల్లో ఇంటివారు వెంట ఉంటారు. కబురందితే విచారణ గురువులు అభ్యంగన తైలంతో బయలుదేరతారు. కరోనా కాలంలో కోవిడ్ వార్డు గుమ్మం దగ్గరే అందరూ ఆగిపోవలసి వచ్చింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 5న మ్రానికొమ్మల ఆదివారం, 12న పాస్కా పండుగ మన ఇళ్ళలోనే జరుపుకున్నాం. జూన్ 8 నుంచే దేవాలయాలు తెరవడానికి కేంద్రం అనుమతించింది. దివ్యబలిపూజను ఫోనులో చూశాం. అయితే అభ్యంగనం అందకుండా తండ్రినో తల్లినో పోగొట్టుకున్న ఇళ్ళలో ఒక ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: మా వాళ్ళ ఆత్మ గతి ఏమిటి?

శ్రీసభ దీనికి ఆనాడే జవాబు చెప్పింది. 2020 మార్చి 20న వాటికన్ ప్రాయశ్చిత్త న్యాయపీఠం ఒక ఆజ్ఞాపత్రం వెలువరించింది. అభ్యంగనం పొందలేక మరణించే వ్యక్తికి మంచి మనసు ఉండి, జీవితకాలంలో కొన్ని ప్రార్థనలైనా చేస్తూ వచ్చి ఉంటే, మరణ ఘడియలో సంపూర్ణ దండవిముక్తి లభిస్తుందని అందులో ఉంది. ఆ ఘడియలో సిలువను దగ్గర ఉంచుకోవడం మంచిదనీ చెప్పింది. దేవుని మీది ప్రేమతో కలిగే ఉత్తమ మనస్తాపం, వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తానన్న నిర్ణయంతో కూడి ఉంటే, చావైన పాపాలకు సైతం క్షమాపణ తెస్తుందని సత్యోపదేశం 1452వ సంఖ్యలో నేర్పుతోంది. కాబట్టి ఆ కుటుంబాలు నిరాశపడనక్కరలేదు.

ఫోనులో పాపవిమోచనం గానీ అభ్యంగనం గానీ ఇవ్వడం కుదరదు. గురువు రోగి దగ్గర ఉండాలి. అంటురోగం వంటి గట్టి కారణం ఉంటే చేతితో కాక ఒక సాధనంతో తైలం పూయవచ్చని శ్రీసభ చట్టం 1000వ సూత్రం అనుమతిస్తోంది. అలా వెళ్ళిన గురువులు, మఠకన్యలు మన దేశంలో ఎందరో ఉన్నారు. 2021 రెండో విడతలో వారిలో కొందరు ప్రాణాలే ఇచ్చారు.

రోగుల సేవ మన తెలుగు శ్రీసభకు కొత్త కాదు. ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లోరీ 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. నేటి భారత కథోలిక ఆరోగ్య సంఘం అదే.

కోనసీమకు ఇంకో సంగతి ఉంది. 2020 ఆగస్టులో కరోనా ఉండగానే గోదావరి వరద కూడా వచ్చింది. వరదలో లంక గ్రామాలకు దారి తెగుతుంది. రోగం వచ్చినా వరద వచ్చినా గురువు చేరలేని రోజు మనకు ఉంటుంది. అందుకు విచారణ ముందే సిద్ధపడాలి.

ఒంటరి వృద్ధుల, మంచాన పడినవారి పేర్లు, ఫోను నంబర్లు విచారణలో రాసి ఉండాలి. పది పదిహేను ఇళ్ళకు ఒకరు చొప్పున ఉపదేశితో కలిసి బాధ్యత తీసుకోవాలి. రోజూ పలకరించడం, మందులు, బియ్యం చేర్చడం వారి పని. స్మార్ట్‌ఫోను లేని ఇంటిని మొదట గుర్తుపెట్టుకోవాలి. ఉత్తమ మనస్తాప ప్రార్థన ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా నోటికి రావాలి. రోగికి స్పృహ ఉండగానే గురువుకు కబురు పెట్టాలి. చివరి నిమిషం దాకా ఆగడం మనకున్న పాత అలవాటు. అభ్యంగనం జబ్బు ముదిరినవారికి బలమిచ్చే సంస్కారం, చావు కబురు కాదు.

నలుగురూ లేకుండా సమాధి చేసిన మన వారి కోసం ఇప్పుడైనా ఒక పూజ చెప్పిద్దాం. ఆ కుటుంబం పక్కన ఆనాడు నిలబడలేకపోయిన మనం ఈసారి వెళ్ళి నిలబడదాం.