స్లాటు ఉన్నన్నాళ్లూ

కంప్యూటర్ నెమ్మదించగానే పాతబడిపోయిందని తీర్మానించడం మనకు అలవాటు. ర్యామ్ పెంచుకునే ఆనవాయితీ చరిత్ర చూస్తే ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటేనని తేలుతుంది. ప్రాసెసర్‌కు సత్తా తగ్గక ముందే దాని పనికి చోటు చాలకుండా పోయేది. ఈ చిక్కు పీసీల కన్నా పాతది. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్, చిన్న మెమరీ వెనుక అయస్కాంత డ్రమ్మును పెట్టి, రెండింటినీ కలిపి ఒకే పెద్ద మెమరీలా ప్రోగ్రాములకు చూపించింది. ఖరీదైన మెమరీని పొదుపుగా వాడుకునే ఈ ఉపాయానికి ఒక హద్దు ఉందని 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ వివరించాడు. నడుస్తున్న ప్రోగ్రాములకు అప్పటికప్పుడు అవసరమైన పేజీలు, అంటే సమాచారపు ముక్కలు, అన్నీ మెమరీలో పట్టకపోతే, యంత్రం అసలు పని వదిలేసి పేజీలను అటూ ఇటూ మోయడంలోనే మునిగిపోతుంది. 1990ల పీసీలో ర్యామ్ 60, 70 నానోసెకన్లలో జవాబిస్తే, హార్డ్ డిస్క్‌కు దాదాపు 10 మిల్లీసెకన్లు పట్టేది. తేడా లక్ష రెట్లకు పైనే. అదనపు ర్యామ్ ప్రాసెసర్ వేగాన్ని పెంచలేదు, దాని నిరీక్షణను తగ్గించింది.

ఆ చోటును తర్వాత పెంచుకునే వీలు యంత్రం నిర్మాణంలోనే ఉండేది. 1981 నాటి ఐబీఎం పీసీ కనీసం 16 కిలోబైట్లతో వచ్చేది. పెంచుకోవాలంటే మదర్‌బోర్డు సాకెట్లలో వరుసకు 9 చిప్‌లు, వాటి సన్నని కాళ్లు వంగకుండా, ఒక్కొక్కటిగా దిగ్గొట్టాల్సి వచ్చేది. 1983 ప్రాంతంలో వాంగ్ లాబొరేటరీస్ చిప్‌లన్నింటినీ ఒక చిన్న బోర్డు మీదికి చేర్చి స్లాటులో అమర్చే సిమ్ మాడ్యూల్‌ను రూపొందించడంతో, నిపుణుల పని స్క్రూడ్రైవర్ పట్టుకోగలిగిన వాళ్లందరి పనైంది. మరోవైపు సాఫ్ట్‌వేర్ ఆకలి పెరుగుతూ పోయింది. 1995లో వచ్చిన విండోస్ 95కు 4 మెగాబైట్లు కనీసమని ప్రకటించిన మైక్రోసాఫ్టే, 8 ఉంటే మంచిదని సలహా ఇచ్చింది. కనీసానికీ అవసరానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోనే ర్యామ్ వ్యాపారం బతికింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లకు అసెంబుల్డ్ పీసీలతో పాటు ఇదీ ఒక ఆధారమే. ఆ ఎడాన్ని మోసం కూడా కనిపెట్టింది. మెమరీని రెట్టింపు చేస్తుందంటూ అమ్మిన సాఫ్ట్‌ర్యామ్95 అనే ప్రోగ్రాము లక్షల ప్రతులు అమ్ముడైంది. అది చెప్పినంత పని చేయదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది.

ర్యామ్ వేసినా ఫలితం కనబడని యంత్రాలు ఎన్నో ఉన్నాయి కదా అనవచ్చు. నిజమే. అవసరమైన పేజీలన్నీ పట్టాక ఇంకెంత చోటు ఇచ్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. డెన్నింగ్ సూత్రం చెప్పేదీ అదే. తర్వాత హార్డ్ డిస్క్ స్థానంలో వచ్చిన ఎస్‌ఎస్‌డీ పాత ల్యాప్‌టాప్‌లకు ర్యామ్ కన్నా ఎక్కువ ఊపిరి పోసిందన్న మాటా కాదనలేం. కానీ ఎస్‌ఎస్‌డీ తగ్గించింది కూడా నిరీక్షణనే కాబట్టి, ఆ ఉదాహరణ ఈ వాదానికే బలం. అసలు గట్టి అభ్యంతరం తయారీదారులది. 2012 నాటి రెటీనా మ్యాక్‌బుక్ ప్రో తరహాలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తే యంత్రం పలచనవుతుంది. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంచిన తక్కువ విద్యుత్ మెమరీతో వేగమూ బ్యాటరీ మన్నికా పెరుగుతాయి. ఈ లాభాలు నిజమైనవే. అయితే వాటికోసం స్లాటును వదులుకోక తప్పదన్నది అంత నిజం కాదు. ఆ రకం మెమరీనే విప్పి మార్చుకోగల ఎల్‌పీక్యామ్2 మాడ్యూల్‌తో 2024లో ల్యాప్‌టాప్‌లు మార్కెట్‌లోకి వచ్చాయి. అతికించిన ర్యామ్‌తో మారింది మన అవసరం కాదు, నిర్ణయించే సమయం. నాలుగేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఎంత అడుగుతుందో కొన్న రోజే ఊహించి, దానికి ఆనాడే డబ్బు కట్టాలి. ఆ ఊహ తప్పితే, లోపం కాస్త చోటుదే అయినా, బాగా పనిచేస్తున్న ప్రాసెసర్, తెర, కీబోర్డు అన్నీ కలిసి మూలన పడతాయి.