బొటనవేలి నుంచి మీగాలికి

అమెరికా ఫుట్‌బాల్‌ను టీవీలో చూసిన మనవాళ్లకు అది శిరస్త్రాణాలు పెట్టుకున్న భారీకాయుల కుమ్ములాటగా కనిపిస్తుంది. కబడ్డీ కూతల మధ్య పెరిగిన కె.కోటపాడు, చోడవరం పాఠకుడికి పట్టుల సంగతి కొత్తేమీ కాదు. కొత్తది మరొకటుంది. మైదానం చివర 10 అడుగుల ఎత్తున ఒక అడ్డకమ్మీ, దాని మీద పద్దెనిమిదిన్నర అడుగుల ఎడంతో రెండు నిలువు స్తంభాలు ఉంటాయి. నేల మీద నిలబెట్టిన బంతిని వాటి మధ్యనుంచి తంతే అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. గంటల తరబడి సాగిన పెనుగులాట ఫలితాన్ని చివరి క్షణంలో మార్చేయగల ఈ తన్నే మనిషినే కిక్కర్ అంటారు. సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) పిల్లలు ఈ స్థానాన్ని సొంతం చేసుకోవడానికి ఒక తరం పట్టింది.

తొలినాళ్లలో తన్నడానికంటూ ప్రత్యేకంగా ఒకరిని పెట్టుకునేవారు కాదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు లూ గ్రోజా లాంటివాళ్లు ముందు వరసలో కుస్తీ పడుతూనే, అవసరమైనప్పుడు బంతికి ఎదురుగా నడిచి బొటనవేలితో పొడిచేవారు. ఆ పద్ధతిని మార్చినవాడు ఒక శరణార్థి కుర్రవాడు. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి వచ్చిన కుటుంబంలోని పీట్ గోగోలాక్‌కు సాకర్ ప్రాణం. చేరిన అమెరికా బడిలో సాకర్ జట్టే లేదు. ఉన్న అమెరికా ఫుట్‌బాల్ జట్టులో చేరి, తనకు తెలిసిన తీరులో పక్కనుంచి పరుగెత్తుకొచ్చి మీగాలితో తన్నాడు. చూసినవాళ్లకు వింతగా తోచింది. కార్నెల్ విశ్వవిద్యాలయం మీదుగా 1964లో బఫెలో బిల్స్‌లో చేరాడు. 1966లో పోటీ లీగ్‌లోని న్యూయార్క్ జెయింట్స్ అతణ్ని ఎగరేసుకుపోవడంతో రెండు లీగ్‌ల మధ్య ఆటగాళ్ల కోసం వేలంపాట ముదిరి, ఆ ఏడాదే విలీన ఒప్పందానికి దారి తీసింది. ఒక కిక్కర్ జట్టు మారితే లీగుల చరిత్రే మారింది!

గేటు తెరుచుకున్నాక ఐరోపా నుంచి వరస కట్టారు. సైప్రస్‌లో పుట్టిన గారో యెప్రేమియన్ వచ్చాడు. స్కీ జంపింగ్ ఉపకార వేతనంతో మోంటానా చదువుకు వచ్చిన నార్వే యువకుడు యాన్ స్టెనరూడ్ 1967లో కాన్సాస్ సిటీ చీఫ్స్‌లో చేరి, 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. కేవలం తన్నడమే పనిగా ఆడి ఆ గౌరవం పొందిన మొదటివాడు అతనే. 1965లో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద ఆస్ట్రియా గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన టోనీ ఫ్రిచ్ 1971లో డాలస్ కౌబాయ్స్‌కు వెళ్లాడు. పాతపద్ధతి ఊరికే తలవంచలేదు. 1970లో టామ్ డెంప్సీ ఎదురు తన్నుతోనే 63 గజాల రికార్డు పెట్టాడు. 1982లో అలాగే తన్నే మార్క్ మోస్లీ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1986లో ఆయన తప్పుకున్నాక మాత్రం ఆ పద్ధతి దాదాపు అంతరించింది.

1980లలో టోనీ ఫ్రాంక్లిన్, రిచ్ కార్లిస్ ఉత్తకాలితో తన్నుతుంటే అమెరికన్లు ఆశ్చర్యపోయారు. మనకందులో ఆశ్చర్యమేముంది? 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన సాకర్ ఆటగాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 1-2తో ఓడారు. ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణానికి చేరింది. పాదంతో బంతిని శాసించడం తెలుగు నేలకు పరాయి విద్య కాదు. 2012లో భారత్‌లో మొదలైన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరిట ఒక జట్టు కూడా ఉండేది. అది వేళ్లూనలేదు.

ఈ శతాబ్దంలో దారి ఇంకా వెడల్పయింది. 2020 నవంబరు 28న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు సాకర్ గోల్‌కీపర్ సారా ఫుల్లర్, కోవిడ్ నిబంధనలవల్ల కిక్కర్లు అందుబాటులో లేకపోవడంతో పురుషుల జట్టులో దిగింది. డిసెంబరు 12న టెనెస్సీ మీద పాయింట్లూ చేసింది. బ్రాండన్ ఆబ్రీ కథ మన ఇంజనీర్లకు నచ్చుతుంది. 2017లో టొరంటో సాకర్ జట్టు తీసుకున్న ఈ యువకుడు, ఆ ఆట నిలవక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. టీవీలో మ్యాచ్ చూస్తూ భార్య అన్న ఒక్క మాటతో సాధన మొదలుపెట్టి, 2023లో డాలస్ తరఫున లీగ్‌లో తన తొలి ప్రయత్నం నుంచి వరసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టి కొత్త రికార్డు నెలకొల్పాడు.

ఉత్తరాంధ్ర నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన అమ్మానాన్నలకు ఒక విన్నపం. సాకర్ ఆడే మీ అబ్బాయినో అమ్మాయినో బడి కోచ్ కిక్కర్‌గా పిలిస్తే, దెబ్బలు తగులుతాయని వెంటనే కాదనకండి. కిక్కర్ మీద పడేవాడికి శిక్ష విధించే నియమం ఆ ఆటలో ఉంది. అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా సంచికలు వేసేవారు ఇలా ఆడిన తెలుగు పిల్లల పేర్లను బడి, సంవత్సరంతో సహా అచ్చువేయాలి. చదువుల ర్యాంకులకు ఇచ్చే పేజీల్లో ఒకటి వీళ్లకిస్తే చాలు.